‘తట్టుకొనే’ విత్తనం: క్యాబేజి కుటుంబపు జన్యుపట పరిశోధన – తెలుగు వ్యవసాయ వచనంలో పదప్రయోగ విమర్శ

వ్యాససంగ్రహం:

తెలుగు వ్యవసాయ వచనంలో ‘తెగులు రాని రకం’, ‘నిరోధక శక్తి గల రకం’, ‘తెగులును తట్టుకొనే రకం’ అనే మూడు ప్రయోగాలు ఒకదానికి బదులు ఒకటిగా చెలామణి అవుతున్నాయి. క్యాబేజి, కాలీఫ్లవర్ వంటి ఆవ కుటుంబపు కూరగాయల్లో జరిగిన జన్యుపట పరిశోధన ఈ మూడూ వేర్వేరు స్థితులని నిరూపించింది. పరిశోధనాలయంలో స్పష్టమైన ఈ భేదం తెలుగు వాక్యంలోకి వచ్చేసరికి చెరిగిపోతున్నది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల రైతుల వాడుక ఆధారంగా, ఈ భేదాన్ని చెప్పగల మాటలు తెలుగులో ఇప్పటికే ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శాస్త్రవచనం, పారిభాషిక పదాలు, తెగులు, నిరోధకత, జన్యుపటం, వృత్తిపదాలు, వరంగల్ ప్రాంతం.

1. ఉపోద్ఘాతం

యాసంగిలో క్యాబేజి నారు పోయదలచిన రైతు దుకాణంలో విత్తనాల పొట్లం కొంటాడు. దానిమీద మొలక శాతం, భౌతిక స్వచ్ఛత అంకెల్లో ఉంటాయి. తెగుళ్ళ సంగతి మాత్రం మాటల్లో ఉంటుంది. ‘నల్ల కుళ్ళు తెగులును తట్టుకొంటుంది’ అన్న వాక్యం అటువంటిది. అంకెను సరిచూసుకోవడానికి వీలుంది. తడిగుడ్డలో వంద గింజలు మొలకెత్తించి లెక్కపెడితే తెలిసిపోతుంది. మాటను సరిచూసుకొనే అవకాశం పంట చేతికి వచ్చేదాకా, లేదా చేజారేదాకా రాదు. తెగులు అసలు రాదని ఆ వాక్యానికి అర్థమా? వచ్చినా పెరగదనా? పెరిగినా దిగుబడి తగ్గదనా? ముగ్గురు రైతులు ఆ వాక్యాన్ని మూడు విధాలుగా అర్థం చేసుకుంటే తప్పు వారిది కాదు.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లాకు చెందిన ఈ ప్రాంతంలో పత్తి, వరి, మిరప, మొక్కజొన్న ముఖ్యమైన పంటలు. ఆవ కుటుంబపు కూరగాయలు వాటితో పోలిస్తే కొద్దిపాటి విస్తీర్ణానివి. అయినా విత్తనపు మాటకు ఎంత విలువ ఉందో పరిశీలించడానికి ఈ కూరగాయలే తగినవి. ఆ కారణం తరువాతి భాగంలో కనబడుతుంది. ఈ వ్యాసం జన్యుశాస్త్ర ఫలితాలను నిర్ణయించబూనదు. ఆ ఫలితాలను తెలుగులో చెప్పే వచనాన్ని మాత్రమే విమర్శకు తీసుకుంటుంది.

2. విత్తనం రైతు చేతిలో లేని పంట

వరి, జొన్న, కంది వంటి పంటల్లో రైతుకు విత్తనంతో ప్రత్యక్ష పరిచయం ఉంటుంది. ఏ మడిలో ఏ కంకి నిలిచిందో చూసి, దానినే విత్తనానికి తీసిపెట్టే అలవాటు తరతరాలది. విత్తనం గుణం అతనికి ఇతరుల మాటవల్ల కాక తన కంటివల్ల తెలిసేది. క్యాబేజిలో ఈ మార్గం మూసుకుపోయింది. క్యాబేజి రెండేళ్ళ జీవితకాలం గల మొక్క. మొదటి ఏడు ఆకుల గడ్డ కడుతుంది. పూత పూసి గింజ కట్టాలంటే కొన్ని వారాలపాటు గట్టి చలి తగలాలి. తెలంగాణ మైదానాల్లో ఆ చలి లేదు. అందువల్ల క్యాబేజి విత్తనోత్పత్తికి కొండప్రాంతాలను ఆశ్రయించారు. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయలో కట్రాయిన్ వద్ద ప్రాంతీయ కేంద్రాన్ని నడపడానికి ఈ వాతావరణమే ఆధారం.

జనగామ రైతు క్యాబేజిని పండించగలడు కాని, దాని విత్తనాన్ని తీసుకోలేడు. తల్లిమొక్కను అతడు చూడడు. అది ఏ నేలలో, ఏ తెగులు మధ్య నిలిచిందో అతనికి తెలియదు. విత్తనం గురించి అతనికున్న జ్ఞానమంతా పొట్లం మీది వాక్యమూ, దుకాణదారు చెప్పే మాటా, వ్యవసాయ పత్రికలో చదివిన సమాచారమూ మాత్రమే. వరి విషయంలో అస్పష్టమైన మాటను రైతు తన అనుభవంతో సవరించుకోగలడు. క్యాబేజి విషయంలో సవరించుకోవడానికి అతనికి ఆధారం లేదు. విస్తీర్ణంలో చిన్నదైన పంటకు భాషావిమర్శలో ప్రాధాన్యం ఇందువల్లనే కలుగుతున్నది.

3. ‘శక్తి’ అన్న మాట తెచ్చిన చిక్కు

తెలుగు వ్యవసాయ వచనంలో ‘రోగనిరోధక శక్తి’ స్థిరపడిన పదబంధం. కరోనా కాలంలో ఇది ఇంటింటి మాట అయింది. మంచి తిండివల్ల పెరిగేది, నీరసంవల్ల తగ్గేది అన్న భావన దానికి అంటుకొని ఉంది. ఈ పదాన్ని మొక్కకు వాడినప్పుడు ఆ భావన కూడా వెంట వస్తుంది. బలంగా ఉన్న మొక్కకు తెగులు రాదని, ఎరువు ఎక్కువ వేస్తే నిరోధక శక్తి పెరుగుతుందని అనుకోవడానికి మాటే దారి చూపుతున్నది.

జన్యుపట పరిశోధన చూపిన చిత్రం దీనికి భిన్నమైనది. ప్రధాన జన్యువుల ద్వారా వచ్చే నిరోధకత చాలా సందర్భాల్లో ఒక గుర్తింపు ప్రక్రియ. మొక్కలోని ఒక జన్యువు ఉత్పత్తి చేసే ప్రోటీను, తెగులు క్రిమి పంపే నిర్దిష్ట పదార్థం ఆనవాలు పడుతుంది. ఆనవాలు దొరికితే ఆ భాగంలోని కణాలు తమంత తామే చనిపోయి తెగులుకు దారి మూసివేస్తాయి. దొరకకపోతే మొక్క ఎంత బలిష్ఠమైనదైనా ఆ జన్యువు వల్ల ప్రయోజనం ఉండదు. క్యాబేజి, కాలీఫ్లవర్‌లకు వచ్చే నల్ల కుళ్ళు తెగులు ఇందుకు తగిన ఉదాహరణ. ఆకు అంచున మొదలై, ఆంగ్లాక్షరం ‘వి’ ఆకారంలో లోపలికి పాకే పసుపు మచ్చ, నల్లబడిన ఈనెలు దీని లక్షణాలు. జాంథోమోనాస్ కాంపెస్ట్రిస్ అనే బాక్టీరియా దీనికి కారణం. ఈ బాక్టీరియాలో అనేక తెగలున్నాయి. వాటిలో 1, 4 తెగలు ప్రపంచంలో ఎక్కువగా కనిపిస్తాయి. ఒక తెగను ఆనవాలు పట్టే జన్యువు మరొక తెగను పట్టాలన్న నియమం లేదు. కాబట్టి ‘నల్ల కుళ్ళుకు నిరోధక శక్తి ఉంది’ అనే వాక్యం అసంపూర్ణమైనది. ఏ తెగకు అన్న ప్రశ్నను అది మింగివేస్తుంది.

అయితే ‘శక్తి’ పూర్తిగా తప్పు మాట అనడం కూడా తొందరపాటే. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో క్యాబేజి పసుపు తెగులుపై జరిగిన కృషి ఈ విషయంలో ఆలోచింపజేస్తుంది. 1910 ప్రాంతంలో ఎల్. ఆర్. జోన్స్ తెగులుతో పాడైపోయిన చేనులో బతికి నిలిచిన కొద్దిపాటి మొక్కలను ఎంచి, వాటినుంచి విత్తనం తీశాడు. కంకి చూసి విత్తనం తీసే తెలుగు రైతు పద్ధతికి ఇది దూరమైనది కాదు. తరువాత జె. సి. వాకర్ ఈ నిరోధకత రెండు విధాలని తేల్చాడు. ‘ఎ’ రకం ఒకే ప్రబల జన్యువు ద్వారా వస్తుంది. ‘బి’ రకం అనేక జన్యువుల కూడికవల్ల వస్తుంది. రెండవది నిజంగానే హెచ్చుతగ్గులు గలది కాబట్టి దానికి ‘శక్తి’ అన్న మాట కొంతవరకు నప్పుతుంది. కాని నేల వేడి 24 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు అది పనిచేయదు. మొదటి రకం అంతకన్నా ఎక్కువ వేడిలోనూ నిలుస్తుంది. చల్లని ప్రాంతంలో ‘నిరోధక శక్తి’ అని సరిగానే చెప్పిన గుణం వెచ్చని నేలలో అబద్ధమయ్యే అవకాశం ఉందని ఈ ఉదాహరణ తెలుపుతుంది. రెండు వేర్వేరు గుణాలకు ఒకే పదం వాడినప్పుడు మైదానపు రైతుకు అవసరమైన సమాచారమే రాలిపోతుంది.

4. హద్దురాళ్ళ నక్షా: జన్యుపటాన్ని చెప్పడం

‘జన్యుపటం’ తెలుగు పాఠకునికి వినబడిన మాటే కాని, దాని లోపలి పని అర్థమయ్యేటట్లు చెప్పిన వచనం అరుదు. పటం అనగానే గోడమీది బొమ్మ స్ఫురిస్తుంది. తెలంగాణ పల్లెలో దీనికి దగ్గరైన వస్తువు గ్రామ నక్షా, టిప్పన్. పొలం కొలతలు, గెట్లు, హద్దురాళ్ళు వాటిలో ఉంటాయి. హద్దురాయి పంట కాదు, నేలా కాదు. కాని ఫలానా రెండు రాళ్ళ నడుమ ఫలానా వారి చెలక ఉందని చెప్పడానికి అది ఆధారం.

జన్యుపటంలో ‘మార్కరు’ చేసే పని ఇదే. తెగులును అడ్డుకొనే మొక్కను, తెగులుకు లొంగే మొక్కతో సంకరపరుస్తారు. వచ్చిన సంతతిని తిరిగి ఆత్మపరాగ సంపర్కంతో రెండవ తరానికి తెస్తారు. ఒకే ప్రబల జన్యువు పనిచేస్తుంటే ఆ తరంలో ప్రతి నాలుగు మొక్కల్లో సుమారు మూడు నిలుస్తాయి, ఒకటి లొంగుతుంది. నిలిచిన మొక్కలన్నింటిలో కనబడుతూ, లొంగిన వాటిలో కనబడని డి.ఎన్.ఎ. గుర్తు ఏదో వెదుకుతారు. ఆ గుర్తు జన్యువు కానక్కరలేదు. జన్యువుకు పక్కనే ఉండి, దానితోపాటు తరానికి తరానికి నడిచే హద్దురాయి. వాటి మధ్య దూరాన్ని సెంటీమోర్గాన్లలో కొలుస్తారు. ఒక సెంటీమోర్గాన్ అంటే నూరు బీజకణాల్లో సుమారు ఒకదానిలో రాయీ జన్యువూ విడిపోతాయని అర్థం. దూరం పదైతే నూటికి దాదాపు పదిసార్లు రాయి ఉంటుంది, పొలం ఉండదు.

ఈ పద్ధతిలో భారతీయ కాలీఫ్లవర్‌పై జరిగిన ముఖ్య పరిశోధన 2014లో వెలువడింది. బి.ఆర్.-161 అనే వంశక్రమంలో నల్ల కుళ్ళును అడ్డుకొనే ‘ఎక్స్‌సిఎ1బిఒ’ అనే స్థానాన్ని 3వ క్రోమోజోముపై గుర్తించారు. దానికి ఇరువైపులా ఉన్న గుర్తుల నడుమ ఎడం 1.6 సెంటీమోర్గాన్లు. హద్దురాళ్ళు ఇంత దగ్గరగా దొరకడంవల్ల తెగులును ఎక్కించి చూడకుండానే నారుదశలోనే మొక్కలను ఎంచుకొనే వీలు కలిగింది. 2016లో ఇథియోపియా ఆవలో ‘ఎక్స్‌సిఎ1బిసి’ అనే మరొక స్థానం బి-7 క్రోమోజోముపై దొరికింది.

రెండవ ఫలితం అర్థం కావాలంటే ఆవ కుటుంబపు చుట్టరికం తెలియాలి. ఊ జాంగ్ చున్ 1935లో ఈ చుట్టరికాన్ని త్రిభుజంగా వివరించాడు. దాని ప్రకారం ఇథియోపియా ఆవ, నల్ల ఆవకూ క్యాబేజి జాతికీ కలిసిన సంతానం. బి-7 క్రోమోజోము దానికి నల్ల ఆవ వైపునుంచి వచ్చినది. క్యాబేజి సొంత క్రోమోజోముల్లో బలమైన నిరోధకత అరుదు కాబట్టి, చుట్టంలో ఉన్న గుణాన్ని పిండరక్షణ పద్ధతిలో కాలీఫ్లవర్‌కు తెచ్చే ప్రయత్నం కూడా జరిగింది. పోపుల పెట్టెలోని ఆవగింజ వంశంలో గోబిపువ్వుకు రక్షణ ఉందన్న ఈ సంగతి తెలుగు పాఠకునికి ఎంతో ఆసక్తికరం. దానిని ‘జన్యు సాంకేతికతతో రూపొందించిన నిరోధక రకం’ అన్న ఒక్క ముక్కలో ముగించే వచనం పాఠకుని తెలివిని తక్కువగా అంచనా వేస్తున్నది.

రకాల పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. నల్ల కుళ్ళు దృష్ట్యా పేరొందిన క్యాబేజి రకం ‘పూసా ముక్త’. ‘ముక్త’ అన్న మాటకు ముత్యమనీ, విడివడినదనీ రెండర్థాలు. రెండవ అర్థం తీసుకొంటే తెగులునుంచి పూర్తిగా విముక్తమైనది అన్న భ్రమ కలుగుతుంది. పేరు పెట్టినవారి ఉద్దేశం ఏదైనా, పేరును వివరించే తెలుగు వాక్యం ఆ భ్రమను తొలగించే బాధ్యత తీసుకోవాలి.

5. పేరులోనే రోగనిర్ణయం: రైతు నుడి

ఇంత సూక్ష్మభేదాన్ని చెప్పడానికి తెలుగు చాలదన్న వాదం ఒకటి ఉంది. రైతుల వాడుకను గమనిస్తే ఆ వాదం నిలవదు. మిరపలో ఆకులు పైకి ముడుచుకొంటే ‘పై ముడత’, కిందికి ముడుచుకొంటే ‘కింది ముడత’ అంటారు. మొదటిది తామర పురుగువల్ల, రెండవది నల్లివల్ల వస్తుంది. ముడత దిశనుబట్టి దోషిని పట్టుకొనే ఈ జంటపదాలు ఏ ప్రయోగశాల పదానికీ తీసిపోవు. వరిలో ‘అగ్గి తెగులు’ చేను కాలినట్లు కనబడే రూపాన్ని చెబుతుంది. నువ్వులో ‘వెర్రి తెగులు’ పూవు ఆకుగా మారిపోయే వికారాన్ని చెబుతుంది. వరి పిలక ఉల్లికాడలాగా గొట్టమైపోయే స్థితి ‘ఉల్లికోడు’.

ఉల్లికోడు ఈ ప్రాంతానికి మరొక పాఠం కూడా నేర్పింది. దానిని ఎదుర్కొనే వరి రకాల కోసం వరంగల్ పరిశోధన కేంద్రం దీర్ఘకాలంగా కృషి చేసింది. ఈ కీటకంలో దేశంలో ఏడు జీవరూపాలను గుర్తించారు. వాటిలో ‘4ఎం’ వరంగల్ ప్రాంతానికి చెందినది. ఒకచోట ఉల్లికోడును అడ్డుకొన్న రకం మరొకచోట లొంగిపోవడానికి కారణం ఇదే. నిరోధకత అనేది మొక్క ఒక్కదాని సొత్తు కాదని, మొక్కకూ శత్రువుకూ మధ్య నిర్దిష్ట సంబంధమని క్యాబేజి జన్యుపటం చెప్పిన సత్యం ఈ ప్రాంతపు వరి మడిలో ముందే అనుభవానికి వచ్చింది. కొత్త శాస్త్రాన్ని పాత అనుభవంతో ముడిపెట్టి చెప్పే అవకాశం ఉన్నా, వ్యవసాయ వచనం దానిని వాడుకోవడం లేదు.

ఇటువంటి వాడుకను సేకరించే పని తెలుగులో చాలా ముందుగానే మొదలైంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించినది. పండితుని బల్లమీద కాక పొలంలో పదాన్ని వెదకాలన్న దృష్టి దానిది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలు కళాశాల పాఠ్యపుస్తకాల అవసరం తీర్చాయి. ఈ రెండు ప్రవాహాలు కలవవలసినంతగా కలవలేదు. పారిభాషిక పదాల్లో సంస్కృత సమాసం స్థిరపడింది. వృత్తిపదం భాషాశాస్త్ర విద్యార్థి అధ్యయన విషయంగా మిగిలింది. ‘నిరోధకత’ ఒకవైపు, ‘తట్టుకొను’ మరొకవైపు ఉండగా, వాటి మధ్య అర్థాన్ని పంచిపెట్టే పని ఎవరూ చేపట్టలేదు.

6. మూడు క్రియలు

తెలుగులో మూడు క్రియలు ఈ పనికి సిద్ధంగా ఉన్నాయి. తెగులు మొక్కను అసలు అంటకపోతే ‘సోకదు’. అంటినా దాని పెరుగుదలను మొక్క ఆపితే ‘అడ్డుకొంటుంది’. తెగులు మొక్కలో పెరిగినా దిగుబడి పెద్దగా పడిపోకపోతే ‘తట్టుకొంటుంది’. ఈ మూడూ రైతుకు కొత్తవి కావు. ఎండను తట్టుకోవడం అంటే ఎండ తగలకపోవడం కాదని అందరికీ తెలుసు. తెగులు విషయంలో మాత్రం ‘తట్టుకొనే’ అన్నది ‘రాని’ అన్న అర్థంలో ప్రచారమవుతున్నది. ఇది భాష లోపం కాదు, ప్రయోగంలో వచ్చిన అలసత్వం.

ఈ గందరగోళం తెలుగుకే పరిమితమనడం న్యాయం కాదు. విత్తన వ్యాపారపు ఆంగ్లంలోనూ ‘టాలరెంట్’ అన్న మాటను ఓ మోస్తరు నిరోధకతకు చాలాకాలం వాడారు. ఆ అస్పష్టతను తొలగించడానికి అంతర్జాతీయ విత్తన సమాఖ్య నిరోధకతను ‘అధిక’, ‘మధ్యస్థ’ అని రెండు స్థాయులుగా నిర్వచించింది. తెలుగులో ఆ ప్రయత్నం జరగలేదు. ఆంగ్లపు అస్పష్టత అనువాదంతోపాటు వచ్చింది గాని, దాని సవరణ రాలేదు.

‘రెసిస్టెంట్’, ‘టాలరెంట్’ అన్న మాటలే దుకాణాల్లో వినబడుతున్నాయి కాబట్టి వాటినే ఉంచవచ్చునన్న అభిప్రాయానికీ విలువ ఉంది. అరువుమాటపై అభ్యంతరం అక్కరలేదు. ‘క్యాబేజి’ అరువుమాటే. అరువుమాటతోపాటు దాని అర్థభేదం కూడా రావాలన్నదే ఇక్కడి వాదం. భేదం రాని పక్షంలో రెండు కొత్త మాటలు వచ్చి, పాత అయోమయాన్నే రెట్టింపు చేస్తాయి.

7. మాటకు గల మూల్యం

ఈ చర్చ పదాల ముచ్చట మాత్రమే కాదు. మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం (2001) 39వ సెక్షను రెండవ ఉపవిభాగం ప్రకారం, నమోదైన రకపు విత్తనం అమ్మేటప్పుడు నిర్దిష్ట పరిస్థితుల్లో అది ఎటువంటి ఫలితం ఇస్తుందో ప్రజననకర్త రైతుకు తెలపాలి. ఆ ఫలితం రాకపోతే రైతు పరిహారం కోరవచ్చు. రైతు హక్కు అంతా ఇక్కడ ఒక వాక్యంపై ఆధారపడి ఉంది. ‘సోకదు’ అని ఉంటే మచ్చపడిన ఆకు సాక్ష్యం. ‘అడ్డుకొంటుంది’ అని ఉంటే పాకిన తెగులు సాక్ష్యం. ‘తట్టుకొంటుంది’ అని ఉంటే తగ్గిన దిగుబడి సాక్ష్యం. ఏ తెగకు, ఏ వాతావరణంలో అన్నది చెప్పని ‘తట్టుకొనే రకం’ దేనికీ కట్టుబడదు. వాక్యం అస్పష్టంగా ఉన్నంతకాలం నష్టం రైతు వైపే ఒరుగుతుంది.

మాటకూ మందుకూ ఉన్న సంబంధం మరింత తీవ్రమైనది. తెలుగులో మనిషి జబ్బుకు ఇచ్చేదీ ‘మందు’, పంటమీద కొట్టేదీ ‘మందు’. తెగులు రాదని నమ్మిన రైతు మొదటి మచ్చను లెక్కచేయడు. మాట తప్పిందని తెలిశాక ఒకదానిపై ఒకటిగా మందులు కొడతాడు. 2021లో మిరప తోటలపై నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు ఇటువంటి స్థితిని చూశాయి. అది ప్రధానంగా పూతను ఆశించే కొత్త జాతి. పాత తామర పురుగుకు అలవాటైన మందులు దానిపై ఆశించినట్లు పనిచేయలేదు. ‘నల్ల’ అన్న ఒక్క విశేషణం పాత శత్రువునూ కొత్త శత్రువునూ వేరుచేసింది. రైతు నాలుకమీద ఆ విశేషణం ఆలస్యంగా చేరిన చోట ఖర్చు ముందే అయిపోయింది.

నల్ల కుళ్ళు విత్తనం ద్వారా కూడా వ్యాపించే తెగులు. 50 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో 25 నుంచి 30 నిమిషాలు విత్తనశుద్ధి చేయడం, పంట మార్పిడి, నారుమడి పరిశుభ్రత దానికి పాత ఉపాయాలు. ‘నిరోధక రకం’ అన్న మాట రైతును ఈ ఉపాయాలనుంచి దూరం చేస్తే, మంచి జన్యువు కూడా చెడ్డ ఫలితమే ఇస్తుంది. మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు రైతుతో నేరుగా మాట్లాడే చోట్లు. జన్యుపటాన్ని తెలుగు వాక్యంగా మార్చే పనిలో తెలుగు శాఖల పరిశోధకులు అటువంటి సంస్థలతో కలిసి కూర్చోవలసి ఉంది.

8. ముగింపు

1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిననాడు, శాస్త్రాన్ని తెలుగులో చెప్పడం సాధ్యమా అన్నది ప్రశ్న. నేడది సాధ్యమని తేలింది. చెప్పినది ఎంత కచ్చితంగా చెబుతున్నామన్నది ఇప్పటి ప్రశ్న. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

- క్యాబేజి విత్తనాన్ని మైదానపు రైతు స్వయంగా తీసుకోలేడు. కాబట్టి ఆ పంటలో వర్ణనవాక్యానికి ఇతర పంటల్లో కన్నా ఎక్కువ బాధ్యత ఉంది.
- ‘నిరోధక శక్తి’ అన్న పదబంధం నిర్దిష్ట సంబంధాన్ని సాధారణ బలంగా చూపుతున్నది. ఏ తెగకు, ఏ వేడిలో అన్న వివరం జతచేయకుండా దానిని వాడరాదు.
- ‘సోకదు’, ‘అడ్డుకొంటుంది’, ‘తట్టుకొంటుంది’ అనే మూడు క్రియలను మూడు స్థితులకు స్థిరపరచడం వల్ల కొత్త పదాల కల్పన అవసరం తగ్గుతుంది.
- జన్యుపటాన్ని వివరించడానికి నక్షా, హద్దురాయి, ఆనవాలు వంటి వాడుకమాటలు సమర్థమైనవి.
- వృత్తిపదకోశాలనూ పారిభాషిక పదకోశాలనూ కలిపి చదివే పరిశోధన తెలుగు శాఖల్లో జరగాలి.

తెగులును ఆనవాలు పట్టలేని మొక్క దానికి లొంగిపోతుంది. తన చేతిలోని పొట్లం మీది మాటను ఆనవాలు పట్టలేని రైతు స్థితి కూడా అంతే. మొదటి లోపాన్ని సవరించడానికి జన్యుశాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి శ్రమిస్తున్నారు. రెండవ లోపాన్ని సవరించడం భాషను వృత్తిగా స్వీకరించినవారి పని.